సవరణ రావలసి ఉంది

"కుర్చీ తీసేస్తున్నానే వనజా, చూడాలనుంటే శనివారం లోపల రా" అని కామేశ్వరి ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను హామిల్టన్ శివార్లలో, రోటోటూనాలో మా పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఏ కుర్చీ అని అడగలేదు. ఆ ఇంట్లో కూర్చునేవి చాలానే ఉండేవిగాని కుర్చీ అంటే ఒకటే. ఆంటీ ఆక్లండ్ శివారు పాపకూరలోని ఇల్లు ఖాళీ చేసి బోటనీ డౌన్స్‌లో తన చెల్లెలి కూతురింటి పక్కన చిన్న యూనిట్‌లోకి మారుతోంది. అంకుల్ పోయి రెండు చలికాలాలైంది. పాత సామాను పట్టుకుపోవడానికి కౌన్సిల్ లారీ వస్తుందట. ఇదివరకులా వీధి పొడుగునా గడ్డి మీద పడేస్తే కుదరదు, ముందుగా బుక్ చేసుకుని గేటు లోపలే పెట్టాలట. "ఆ కుర్చీ యూనిట్ గుమ్మంలో దూరదే. అయినా దానికి గుమ్మాలెప్పుడు అచ్చొచ్చాయి గనక" అంది. నేను నవ్వాను. ఆంటీ నవ్వలేదు. తడి దుప్పటి చేత్తో పట్టుకుని, పక్కనున్న నిమ్మచెట్టు పూత పిందె అయ్యేంతసేపు అలా నిలబడిపోయాను. సవరణ: ఓ ఐదు నిమిషాలు.

ఉన్నదానికి నాలుగు చేర్చి చెప్పే అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది. భీమవరంలో కాలేజీకి ఆలస్యమైతే దారిలో ఏనుగు అడ్డొచ్చిందని చెప్పేదాన్ని. దాని పేరేమిటని మాస్టారు వెటకారంగా అడిగితే తడుముకోకుండా పేరూ చెప్పేదాన్ని. ఇప్పుడు కిండీలో, అంటే చిన్నపిల్లల బడిలో, నాలుగేళ్ళ పిల్లల దగ్గర ఆ విద్యే నాకు అన్నం పెడుతోంది. మధ్యలో ఒకే ఒక్కచోట, ఒకే ఒక్కరి దగ్గర, ఆ విద్య వాడకుండా ఉండవలసింది. ఆయన్ని మేమంతా స్పీకర్ అంకుల్ అనేవాళ్ళం. అసలు పేరు సూర్యం గారు.

ఇరవై మూడేళ్ళ వయసులో రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగినప్పుడు నన్ను చేర్చుకున్న ఇల్లది. రైలు పట్టాల దగ్గర చెక్క గోడల ఇల్లు, రైలు వెళ్తే గిన్నెల షెల్ఫ్‌లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆంటీ హైస్కూల్లో లెక్కల టీచర్. ఆమె ఉద్యోగం మీదే వాళ్ళు ఇక్కడికి వచ్చారు. రాజమండ్రి కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి చెప్పి ముందుగానే రిటైరైన అంకుల్ ఇంట్లో ఉండి, పొద్దున్నే డికాక్షన్ దించి, అందరికీ కాఫీ కలిపి, తర్వాత డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకునేవారు. ముందుగదిలో నేనూ, ఆస్పత్రిలో నర్సుగా చేసే గుంటూరు మెర్సీ. వెనక గరాజ్‌ని గది చేసుకుని నల్గొండ యాదగిరి, బేకరీలో పని. అతని బట్టల నిండా ఈస్ట్ వాసన. తడిసిన కార్పెట్, గ్యాస్ హీటర్, అంకుల్ కణతలకు రాసుకునే బామ్, శరత్కాలమైతే పెరట్లో రాలి మగ్గిన ఫీజోవా పళ్ళు... అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడా రాదు. ఫీజోవాలతో ఆంటీ చేసే పచ్చడి కోసం నేను చాలా అబద్ధాలు చెప్పి రెండోసారి వడ్డించుకున్నాను.

అంకుల్ రాస్తున్నది ఒక పుస్తకం. బ్రిటిష్ పార్లమెంటులో, మూడు శతాబ్దాల కిందటి మాట, ముప్పై మూడేళ్ళపాటు స్పీకర్‌గా ఉన్న ఒకాయన జీవితం. అన్నేళ్ళు ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. పాతకాలపు ఇల్లాళ్ళు మొగుడి పేరు చెప్పనట్టు అంకుల్ ఆ స్పీకర్ పేరు చెప్పేవారు కాదు, ఎప్పుడూ "ఆయన" అనే అనేవారు. ఐదుసార్లు ఎన్నికైతే ఐదుసార్లూ ఆయనకు ఎదురులేదు. రాజుగారి కొలువులో ఇంకో మంచి పదవి కూడా చేతిలో ఉండేది. సభలో ఓట్లు సమానమై తన ఓటుతో తేల్చవలసి వచ్చినప్పుడు, ఆ పదవి కోసమే అలా ఓటేశాడని ఎవరో వేలెత్తి చూపారట. ఆయన ఎవరితోనూ వాదించలేదు, పదవి వదిలేశాడు. "చూశావా అమ్మా, ఒక్క మాట పడినందుకు!" అని చెప్పేటప్పుడు అంకుల్ గొంతు తన సొంత అన్నగారి గురించి చెబుతున్నట్టుండేది. "మా ఇంట్లో ఇద్దరు మగాళ్ళు. ఈయనకి ఒక్కడికే వండుతున్నాను, అదే అదృష్టం" అనేది ఆంటీ.

ఆదివారం ఉప్మా అయ్యాక లౌంజ్‌లో సభ జరిగేది. ఐదుగురికి ఒక బాత్రూమ్, ఒక స్టవ్వు ఉన్న ఇంట్లో సభ లేకపోతే హత్యలు జరిగేవి. సవరణ: ఒక హత్య, అదీ యాదగిరిది, గంటసేపు వేడినీళ్ళు వాడినందుకు. ఏడాదికోసారి మేము అంకుల్‌ని వంటింట్లోంచి రెండు చేతులూ పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాలి, ఆయన రానని కాళ్ళు తన్నిపెట్టాలి. బ్రిటిష్ పార్లమెంటు సంప్రదాయం అదే. పూర్వం సభ మాటను రాజుకు మోసుకెళ్ళిన స్పీకర్ తల ఎగిరిపోయేదట, అందుకని ఎవరూ ఇష్టపడి ఆ కుర్చీ ఎక్కేవారు కాదు. కూర్చున్నాక అంకుల్‌కి సొంత అభిప్రాయం ఉండేది కాదు. మేము ఒకరితో ఒకరం నేరుగా మాట్లాడకూడదు, ఏదైనా "అధ్యక్షా" అని ఆయనకే చెప్పాలి. "అధ్యక్షా, మెర్సీ నా తువ్వాలు వాడింది" అని పక్కనే కూర్చున్న మెర్సీ గురించి ఫిర్యాదు చేస్తుంటే కోపం సగం నవ్వైపోయేది.

ఇంకో నియమం ఉండేది. నా బతుకు దాని మీదే గడిచింది. సభలో ఎవరినీ అబద్ధమాడారని అనకూడదు. సభ్యుల మాట నిజమే, వాళ్ళంతట వాళ్ళు లేచి సరిదిద్దుకునేదాకా నిజమే. అందుకే సభ ముగించే ముందు అంకుల్ పెన్ను మూత తీసి మినిట్స్ పుస్తకం మీద పెట్టి, "సవరణలేమైనా ఉన్నాయా?" అని అడిగేవారు. మెర్సీ లేచేది. "అధ్యక్షా, పోయిన వారం బాత్రూమ్ కడిగానన్నాను గదండీ, అద్దం తుడవలా." అంకుల్ రాసుకునేవారు. అంతటితో సరి. ఎవరూ దెప్పకూడదు. అంత తేలిక ఆ పని.

ఇక కుర్చీ. అప్పట్లో ఏడాదికో రెండేళ్ళకో కౌన్సిల్ లారీ వచ్చే వారం వీధంతా తిరనాళ్ళలా ఉండేది. సోఫాలు, మిక్సీలు, పరుపులు గడ్డి మీద గుట్టలు. కావలసినవాళ్ళు కావలసింది పట్టుకుపోవచ్చు. మా వీధి మూలింటి ముందు యాదగిరికి దొరికింది అది. ఎత్తు వీపు, రెండు పక్కలా చెవుల్లాంటి రెక్కలు, ముదురాకుపచ్చ తోలు. దాన్ని చూసి అంకుల్ రోడ్డు మీదే ఆగిపోయారు. ఆయన కాగితాల్లో ఉన్న బొమ్మలో స్పీకర్ కుర్చీకి ఇది చుట్టమనిపించింది కాబోలు. యాదగిరీ నేనూ మోసుకొచ్చాం. లౌంజ్ గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుపోయింది. తిప్పుదామని తలకిందులు చేసినప్పుడు అడుగున అంటించిన చీటీ చూశాను. ఆక్లండ్‌లోనే ఒక ఫర్నిచర్ కర్మాగారం పేరు. అప్పటికి అది నాకు చీటీ మాత్రమే.

"ఏవండోయ్, ఎవరు కూర్చున్నారో, ఏం రోగం ఉందో! బయటికి గెంటండి" అంది ఆంటీ. వెంటనే సభ. ఆంటీ తీర్మానాన్ని నడుం పట్టుకుని యాదగిరి బలపరిచాడు: "అధ్యక్షా, గీ కుర్చీ మోసుడుకు నా నడుం పాయె. గిది లోపటికొస్తే నేను బయటికి వోత." అంకుల్ మీద జాలితో మెర్సీ, వినోదం కోసం నేను వ్యతిరేకించాం. రెండుకు రెండు. అంకుల్ ముఖం చూడాలి. కుర్చీ కావాలని ఆయన కళ్ళు అంటున్నాయి. కాని ఓట్లు సమానమైతే స్పీకర్ తన ఇష్టానికి ఓటేయడు, మళ్ళీ చర్చించుకోండని ఉన్నది ఉన్నట్టుగా ఉంచుతాడు. "ఉన్నది ఉన్నట్టు" అని ప్రకటించారు. కుర్చీ ఉన్నది గుమ్మంలో. సగం లోపల, సగం బయట. వారమంతా తలుపు మూయడం కుదరక కోట్లు వేసుకుని అన్నం తిన్నాం. వంటింట్లోకి కిటికీలోంచి వెళ్ళాం. సవరణ: వారం కాదు, ఒక రోజు. కిటికీ నిజమే.

మర్నాడు సభ మళ్ళీ కూడేముందు నేను గుమ్మం దగ్గర వంగి ఆ చీటీ గోటితో చింపేసి హీటర్ వెనక్కి విసిరాను. తర్వాత లేచి నిలబడ్డాను. "అధ్యక్షా, నేను పొద్దున్న పనిచేసే ముసలివాళ్ళ హోమ్‌లో ఒక బామ్మగారు ఉండేది. పోయిన నెలే పోయింది. ఈ మూలిల్లు ఆవిడదే. ఆవిడ మీ స్పీకర్ గారి వంశం." అక్కడితో ఆపవచ్చు. కథ రుచి తగిలాక నేనెప్పుడు ఆగాను? ఆ బామ్మ ముత్తాత ఈ కుర్చీతో ఓడెక్కాడన్నాను. తుఫానులో బరువు తగ్గించడానికి కెప్టెన్ పియానో విసిరించాడు, బీరువాలు విసిరించాడు. ముత్తాత మాత్రం కుర్చీలో కూర్చుని, విసిరితే నాతో సహా విసరండన్నాడు. కుర్చీ కాలు మీది తెల్ల చార చూపించి ఇది ఆనాటి సముద్రపు ఉప్పు అన్నాను. అది ఏ కుక్కో చేసిన పని అని నాకు తెలుసు.

"అధ్యక్షా! గిదంత అబద్ధం!" అని లేచాడు యాదగిరి.

"ఆ మాట ఉపసంహరించుకోవాలి" అన్నారు అంకుల్.

"సరే సార్, వాపస్ తీస్కుంటున్న. అక్క జెప్పిన ముచ్చట జర బరువున్నది అంటున్న, కుర్చీ లెక్కనే."

ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "పియానో కూడా పోయిందా పాపం" అంది. ఆమె ఓటు మారింది, కుర్చీ లోపలికొచ్చింది. అంకుల్ ఏమీ అనలేదు, స్పీకర్ అనకూడదు గదా. కాని దాంట్లో కూర్చున్నప్పుడు రెండు చేతులూ దాని రెక్కల మీద మెల్లగా ఆనించారు, నిద్రపోతున్నవాళ్ళని తాకినట్టు. ఆ ఆదివారం లేని బామ్మగారి ఆత్మశాంతికి మా చేత రెండు నిమిషాలు మౌనం పాటింపజేశారు. నాకు నవ్వాగక పెదవి కొరుక్కున్నాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఆ తర్వాత పుస్తకం పరుగెత్తింది. అంకుల్ రోజూ ఆ కుర్చీలో కూర్చునే రాసేవారు. ఉగాదికి మా తెలుగువాళ్ళ సంబరం పాపకూరలోనే ఒక హాల్లో జరిగింది. ఆయన్ని మాట్లాడమన్నారు. కుర్చీని కూడా యాదగిరి బేకరీ వ్యాన్‌లో తెచ్చి వేదిక మీద పెట్టాడు. అంకుల్ పంచె కట్టుకుని వచ్చారు. కాలక్షేపానికి వచ్చిన జనం, పులిహోర వాసన, పరుగులు తీసే పిల్లలు. అంత గోలలోనూ ఆయన చెబుతుంటే మెల్లగా వినడం మొదలుపెట్టారు. తెలుగు రానివాళ్ళ కోసం మధ్యమధ్య ఇంగ్లీషులోనూ చెప్పారు. ఓడ, తుఫాను, ఉప్పు చార అన్నీ. నాకంటే బాగా చెప్పారు, ఎందుకంటే ఆయన నమ్మి చెప్పారు.

అయిపోయాక, హాలు తాళాలు చూసుకునే పెద్దాయన, తెల్లాయన, వేదిక మీదికి ఎక్కాడు. ఎగతాళి చేయడానికి కాదు, ఆ ముఖంలో సంతోషం నాకింకా కనిపిస్తుంది. తను వయసులో ఉన్నప్పుడు ఫర్నిచర్ కర్మాగారంలో చేశాడట. ఈ కుర్చీలు ఒక వృద్ధాశ్రమానికి వరసగా చేసిచ్చారట. "ఇది నేనే చేశానేమో!" అంటూ కుర్చీని పడుకోబెట్టి అడుగున గుడ్డకు కొట్టిన స్టేపుల్ పిన్నులు చూపించాడు. "ఇక్కడ చీటీ ఉండాలే" అని వేలితో తడిమాడు. చీటీ లేదు. కొత్తగా చింపిన మేర మాత్రం చుట్టూ మాసిన గుడ్డ మధ్య తెల్లగా, నలుచదరంగా కనిపించింది. హాల్లో ఎవరో "ఓడలో స్టేప్లర్ కూడా తెచ్చుకున్నాడు తాతగారు!" అన్నారు. అందరూ నవ్వారు. అంకుల్ వంగి ఆ తెల్లటి చోటును చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మైకు అందుకుని, "సభను తప్పుదారి పట్టించాను. పరిశీలించకుండా చెప్పడం నా పొరపాటు. క్షమించండి" అన్నారు. నా పేరు ఎత్తలేదు. నేను మూడో వరసలో పులిహోర ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి లేస్తే చాలు. ప్లేటు అడ్డమొచ్చింది అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

మరుసటి ఆదివారం సభ మామూలుగానే జరిగింది. చివర్లో అంకుల్ పెన్ను మూత తీసి, "సవరణలేమైనా ఉన్నాయా?" అన్నారు. నా వైపు చూడలేదు, మూలనున్న ఫీజోవాల బకెట్ వైపు చూశారు. రైలు వెళ్ళింది, గ్లాసులు గలగలమన్నాయి. నేను లేవలేదు. ఆయన ఏదో ఒక ముక్క రాసుకుని పుస్తకం మూశారు. వచ్చే వారం చెబుదామనుకున్నాను. వచ్చే వారం యాదగిరి వేడినీళ్ళ గొడవ వచ్చింది. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు. అలా ఏడాది పైనే ఆదివారాలు. నాకు పెళ్ళై హామిల్టన్ వైపు వచ్చేశాను. వెళ్ళినప్పుడల్లా ఆయనకు కొత్త కథ ఒకటి పట్టుకెళ్ళేదాన్ని, చెప్పవలసిందాని బదులు. చివరిసారి ఆయన మంచం మీద ఉన్నారు. "ఏమైనా చెప్పాలా అమ్మా?" అన్నారు. కిండీలో ఒక పిల్ల తన చెప్పు తిమింగిలం తినేసిందని చెప్పిన సంగతి చెప్పాను. ఆయన బాగా నవ్వారు, దగ్గొచ్చేదాకా.

శనివారం వెళ్ళేసరికి కుర్చీ డ్రైవ్‌వేలో పాత వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. ఆకుపచ్చ తోలు చేతుల దగ్గర అరిగి గోధుమ రంగు తేలింది. ఆంటీ మినిట్స్ పుస్తకాలు నాలుగు నా చేతిలో పెట్టింది. మేమంతా వెళ్ళిపోయాక కూడా సభ మానలేదట. ఇద్దరే కూర్చునేవాళ్ళట, ఆయనా, ఒకే ఒక్క సభ్యురాలూ. వేదిక మీద కుర్చీని పడుకోబెట్టిన ఆ ఉగాది తర్వాతి ఆదివారం పేజీ వెతికాను. బాత్రూమ్ వంతులు, స్టవ్వు వేళలు, చివర ఆయన గుండ్రటి అక్షరాల్లో: "సవరణ రావలసి ఉంది." తర్వాతి వారం అదే. పేజీలు తిప్పాను. నేను పెళ్ళి చేసుకున్న వారం అదే. నేను ఈ వీధిలో లేని ఏళ్ళలో అదే. అక్షరాలు వణకడం మొదలైన పేజీల్లోనూ అదే.

"మీకు తెలుసా ఆంటీ?"

"ఆ ఉగాది మర్నాడు చీటీ ముక్క హీటరు వెనకాల ఊడ్చింది నేనే కదే. ఆయనకి చూపించాను. నిన్ను అడిగేస్తానన్నాను. 'వద్దు కామేశ్వరీ, తనంతట తను లేవాలి' అన్నారు." ఆంటీ కొంగు దోపుకుంది. "పుస్తకం మాత్రం ఆపేశారే. ఆ స్పీకర్ పెద్దమనిషి కుర్చీ దిగే అధ్యాయం ఒక్కటే మిగిలింది. అంతా పూర్తయినట్టే. కూర్చున్న కుర్చీ అడుగున ఏముందో చూసుకోనివాణ్ణి, మూడొందల ఏళ్ళ కిందటి మనిషి గురించి ఏం రాస్తాను అన్నారు. ఉండు, కాఫీ కలుపుతాను" అని లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో బాత్రూమ్. ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, కనుక ఎవరితోనూ సభ లేదు. నా పిల్లలు నేను ఏది చెప్పినా నవ్వుతూ "నిజమా?" అని ఇంగ్లీషులో అడిగి, జవాబు వినకుండానే ఫోన్ చూసుకుంటారు. నా మాట నిజమేనని నియమం పెట్టుకుని మరీ నమ్మినవాళ్ళు ఒక్కరే.

కుర్చీ ఎదురుగా నిలబడ్డాను. పాత అలవాటున చెప్పులు విడిచాను. "అధ్యక్షా" అన్నాను. "అధ్యక్షా, ఆ బామ్మ లేదు. ఓడ లేదు. చీటీ చింపింది నేనే. ఆ రోజు హాల్లో నేను లేవవలసింది." ఆ అబద్ధం చెప్పడానికి అప్పుడు అరగంట పట్టింది. ఇది రెండు గుక్కల్లో అయిపోయింది. పుస్తకం చివరి పేజీలో రాద్దామని పెన్ను తీశాను గాని, అందులో రాసే అధికారం స్పీకర్‌దే. మూత పెట్టేశాను.

"అది పారేస్తున్నారా?" అని కంచె మీంచి పక్కింటావిడ కేకేసింది. సమోవా ఆవిడ, చేతిలో ఫీజోవాల గిన్నె. తీసుకెళ్ళమన్నాను. ఆమె వచ్చి కుర్చీ చుట్టూ తిరిగి, రెక్కలు నిమిరి, కాలు మీది తెల్ల చార వేలితో రాసి చూసి, "ఎంత బాగుందో! దీని వెనక పెద్ద కథే ఉండి ఉంటుంది. ఎక్కడిదిది?" అని అడిగింది. తుఫాను నోటిదాకా వచ్చింది. పియానో వచ్చింది. మింగాను.

"ఈ వీధిలోదే. ఆ మూలింటి ముందు దొరికింది."

"అంతేనా?" అంది, కాస్త నిరాశగా.

"అంతే" అన్నాను.